నది బల్లల అచ్చులు, నారాయణమ్మ చేతులు

రెజిన్ బల్లల పని నేర్చుకుంటామని నా దగ్గరికి వచ్చే కుర్రవాళ్ళు మొదట అడిగేది రంగు గురించి. "నీలం ఏది బాగుంటాది సార్?" అంటారు. అచ్చు గురించి అడిగినవాణ్ణి ఇంతవరకూ ఒక్కణ్ణీ చూడలేదు. ఫోనులో చూసిన వీడియోల్లో చెక్క కనిపిస్తుంది, నీలం పోయడం కనిపిస్తుంది, చివర మెరిసే బల్ల కనిపిస్తుంది. ఆ నీలం దేంట్లో పోశారో ఎవడూ చూడడు. పెళ్ళిలో భోజనం బాగుందని మెచ్చుకునేవాళ్ళే గానీ గాడిపొయ్యి తవ్వినవాణ్ణి తలుచుకునేవాళ్ళు ఎవరుంటారు?

నేను పని మానేసి ఇంట్లో కూర్చున్నాను. నన్ను తీసేయడానికి ఇప్పుడు ఓనరు ఎవరూ లేరు కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తాను. సర్టిఫికెట్లు, సన్మానాలు ఈ పనిలో ఉండవు. ఉన్నా రాయను.

నది బల్ల అంటే తెలియనివాళ్ళకు ఒక మాట. రెండు చెక్కపలకలు ఎదురెదురుగా పెట్టి, మధ్య ఖాళీలో రంగు కలిపిన రెజిన్ పోస్తారు. రెజిన్ అంటే హార్డ్‌నర్ అనే మందు కలిపితే గాజులా గట్టిపడే జిగురు. అది గట్టిపడ్డాక చెక్కల మధ్య నది పారుతున్నట్టు ఉంటుంది. చిత్రావతి ఏట్లో నాలుగు చుక్కల నీళ్ళు పారితే చూడ్డానికి పిల్లాజెల్లాతో పరిగెత్తే జనం మనం. అలాంటి చోట కూర్చుని బెంగళూరు వాళ్ళ భోజనాల గదులకు నదులు పోసి పంపాము. ఇంతకన్నా వెటకారం ఇంకేముంటుంది?

తీసేటప్పుడు చూడాలి

మాది యాడికి దగ్గర పల్లె. వానను నమ్ముకున్న చేను ఇంటిల్లిపాదికీ చాలదని మా నాయన నన్ను తాడిపత్రిలో ఓబులేసు మేస్త్రీ దగ్గర పనికి పెట్టాడు. ఆయన సిమెంటు సామాన్లకు అచ్చులు చేసేవాడు. కిటికీ జాలీలు, కంచె స్తంభాలు, పూలకుండీలు. పనిమంతుడే గానీ నోరు మంచిది కాదు. ఒక బుగ్గన వక్కాకు, ఇంకో బుగ్గన తిట్టు పెట్టుకుని తిరిగేవాడు.

ఒకసారి ఒక కాంట్రాక్టరు పూలకుండీల అచ్చు కావాలని వచ్చాడు. కుండీ గోడలు కింది నుంచి పైదాకా నిటారుగా ఉండాలన్నాడు. అడుగున కాస్త సన్నగా, పైన కాస్త వెడల్పుగా ఉంటేనే లోపలిది జారి బయటికి వస్తుందని మేస్త్రీ చెప్పి చూశాడు.

"నువ్వు నాకు చెప్పేది ఏమప్పా? దుడ్లిచ్చేది నేను. నిటారుగా చెయ్యి," అన్నాడు కాంట్రాక్టరు.

మేస్త్రీ నిటారుగానే చేసి ఇచ్చాడు. మొదటి కుండీ పోశారు, అది బయటికి రాలేదు. తలకిందులు చేసి తట్టారు, రాలేదు. చివరికి కాంట్రాక్టరు కోపం పట్టలేక కాలితో తన్నాడు. కుండీ పగిలింది, అచ్చు పగిలింది, ఆయన బొటనవేలు వాచింది. ఓబులేసు మేస్త్రీ తాపీగా వక్క నములుతూ నా వైపు చూసి, "పోసేది ఎవురైనా పోస్తారు రా. తీసేటప్పుడు చూడల్ల, వాని పనితనం," అన్నాడు.

అచ్చుల పనికి అంతకు మించిన పాఠం నాకు తెలియదు. మేకులు కొట్టి డబ్బా చేసి, దాంట్లో పోసి, తర్వాత డబ్బాను పగలగొట్టి పారేయడం ఎవరైనా చేస్తారు. పోసినది చెక్కుచెదరకుండా బయటికి రావాలి, అచ్చు కూడా చెక్కుచెదరకుండా ఇంకోసారికి నిలబడాలి. పని అంటే అది.

తర్వాత అదే ఊళ్ళో రాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీలో చేరాను. బండల్లో పగుళ్ళను రెజిన్‌తో నింపే పని నాది. ఆ జిగురు గుణం ఏమిటో అక్కడ తెలిసింది. రాయి, ఇనుము, చెక్క, చొక్కా, చెప్పు, దేన్నీ వదలదు. మైనానికి, ఒకటి రెండు రకాల ప్లాస్టిక్కుకు మాత్రం అంటుకోదు. దాన్ని నమ్ముకునే తర్వాత బల్లల అచ్చులు చేశాను.

దోసె పెనం సిద్ధాంతం

చిలమత్తూరులో, బెంగళూరు రోడ్డు పక్కన, శ్రీకాంత్ అనే ఆయన బల్లల షెడ్డు పెట్టి నన్ను అచ్చుల పనికి పిలిచాడు. ప్లాట్లు అమ్మి పైకి వచ్చిన మనిషి. ఇంట్లో వేరుశనగ నూనె మిల్లు కూడా ఉంది. బల్లల గురించి ఆయనకు తెలిసిందంతా ఫోనులో చూసిందే. అయినా ప్రపంచంలో తనకు తెలియనిది ఉందన్న అనుమానం ఆయనకు ఏ రోజూ రాలేదు.

ఆ షెడ్డులో నారాయణమ్మ అని ఒకామె ఉండేది. అచ్చులోంచి తీసిన బల్లను గరుకు కాగితంతో తోమి నున్నగా చేసే ఆడవాళ్ళకు ఆమె పెద్ద. అంతకుముందు చేలల్లో కూలికి పోయేది. వానలు లేక కూలి దొరక్క ఇక్కడికి వచ్చింది. మీరు అచ్చుల గురించి చదువుతున్నామని అనుకుంటున్నారేమో, నేను రాస్తున్నది ఆమె చేతుల గురించి. అవి ఏమయ్యాయో, ఎందుకయ్యాయో తెలుసుకోకుండా ఈ పనిలోకి రావద్దు.

రెజిన్ పోసేముందు అచ్చు లోపలంతా మైనం పట్టించి, ఆరనిచ్చి, బట్టతో తుడవాలి. ఆ మైనం డబ్బాలు తెప్పించమని శ్రీకాంత్‌ను అడిగాను. ఆయన పెద్దగా నవ్వాడు.

"ఏమప్పా జయన్నా, దోసె పోసేటప్పుడు పెనానికి మైనం పూస్తామా? నూనె పూస్తాము. దోసె లేస్తాది కదా? ఇంట్లో మిల్లు పెట్టుకోని ఆ డబ్బాలు కొనాల్నా?"

"దోసె కాలి లేస్తాది సార్. ఇది జిగురు. నూనె దీంట్లో కలిసిపోతాది."

"నువ్వు సిమెంటు కాలం మనిషివి," అని భుజం తట్టాడు.

సిమెంటు అచ్చులకు పాత ఇంజను ఆయిలు పూస్తారు, అది నిజమే. రెండు పనులూ చేశాను కాబట్టే సిమెంటుకు పనికొచ్చేది దీనికి పనికిరాదని చెప్పగలిగాను. కానీ ఓనరు అన్నాక వినడం చిన్నతనం అనుకుంటాడు. మిల్లు నుంచి క్యాను వచ్చింది. అచ్చు లోపలంతా వేరుశనగ నూనె పూసి రెజిన్ పోశారు. షెడ్డంతా బజ్జీల బండి వాసన.

బల్ల లేచింది, కాదనను. శ్రీకాంత్ నా వైపు చూసి మీసం మెలేశాడు. తిప్పి చూస్తే అడుగంతా అమ్మవారు పోసిన ముఖంలా గుంటలు. నూనె కలిసిన చోటల్లా రెజిన్ సరిగ్గా గట్టిపడక, బెల్లం పాకంలా వేళ్ళకు అంటుకుంటోంది.

"ఏమీ పర్లేదులే. నారాయణమ్మోళ్ళు తోమేస్తారు," అన్నాడు.

ఆ షెడ్డులో ఉన్నన్నాళ్ళూ నేను విన్న మూలమంత్రం అదే. అచ్చు వంకరైతే నారాయణమ్మోళ్ళు తోమేస్తారు. మూల కారితే నారాయణమ్మోళ్ళు తోమేస్తారు. పూర్తిగా గట్టిపడిన రెజిన్‌ను పట్టుకుంటే ఏమీ కాదు. గట్టిపడనిది ఉందే, అది ఒంటికి విషం. ఆ ఆడవాళ్ళు రోజంతా దాన్ని వట్టి చేతులతో గీకారు. గ్లౌజులు కొనమని నేను అడిగితే, "గ్లౌజులు ఏసుకుంటే నునుపు ఎట్ల తెలుస్తాదప్పా?" అని నాకే ఎదురు పాఠం చెప్పాడు. అంత తెలివి దేవుడు ఆయనకు ఎందుకిచ్చాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

కరువు సీమలో తేమ

మనవాళ్ళకు కరువు మీద ఒక వింత గర్వం ఉంది. ఎండలో, ఎండిన చెరువుల్లో మనల్ని మించినవాళ్ళు లేరని చెప్పుకుంటారు. ఆ గర్వంతో తప్పులు కూడా చేస్తారు.

ఒక వేసవిలో శ్రీకాంత్ అప్పుడే కొట్టిన చింత మాను కోయించి పలకలు తెచ్చాడు. కొన్నాళ్ళు ఎండలో పడేసి, ఇక పోసేయమన్నాడు. లోపల ఇంకా పచ్చిగా ఉందని, నీడలో ఏళ్ళ తరబడి ఆరాలని చెప్పాను.

"మన సీమలో మనుషులు తాగేదానికే నీళ్ళు ల్యావు. చెట్టులో తేమ యాడుండాదప్పా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళంతా అవునవునని తలలూపారు. వాళ్ళకు ఆ మాట బాగా నచ్చింది.

చింత మాను మన బోర్లకు అందని నీళ్ళు తాగి బతుకుతుంది. పైన ఎండి పగిలినా లోపల తడి అలాగే ఉంటుంది. ఆ తడి మీద, అది కూడా మిట్టమధ్యాహ్నం, మందంగా రెజిన్ పోశారు. రెజిన్ గట్టిపడేటప్పుడు తనంతట తనే వేడెక్కుతుంది. మన ఎండ దానికి తోడైతే చెప్పేదేముంది? చెక్కలోని తడి బుడగలుగా పైకి తన్నుకొచ్చింది, ఒక మూల పొగ లేచింది. నది కావలసింది పుట్టగొడుగుల చెరువు అయింది. దాని నిండా ఉన్న గుంటల్లో పచ్చి రెజిన్ నింపి మళ్ళీ తోమాలి. అలా నింపింది నారాయణమ్మ, తన చూపుడువేలితో.

చెంచాతో సంగటి

నారాయణమ్మ మొదట వేళ్ళ సందుల్లో దురద అంది. తర్వాత ఎర్రగా వాచాయి. ఆ తర్వాత అరచేతులు నెర్రెలు విచ్చి రసి కారాయి. వేపాకు, పసుపు నూరి కట్టుకుంది. శ్రీకాంత్ చూసి, "ఎండకు అట్లయితాది, మజ్జిగ తాగు," అన్నాడు. హిందూపురంలో చర్మం డాక్టరు మాత్రం చూడగానే ఏం పని చేస్తావని అడిగాడట. ఈ జిగురును ఒళ్ళు ఒకసారి కాదనుకుంటే మళ్ళీ ఎప్పటికీ ఒప్పుకోదని, చుక్క తగిలినా తిరగబెడుతుందని చెప్పి పంపాడు.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం ఆమె షెడ్డు వెనక నీడలో కూర్చుని సంగటి చెంచాతో తింటూ కనిపించింది. మన వైపు సంగటిని చెంచాతో తినేవాళ్ళను నేనెప్పుడూ చూడలేదు.

"ఏమి నారాయణమ్మా, చెంచాతో తింటాండావు?"

"పులుసు తగిలితే మంట అన్నా. చెయ్యి పెట్టలేకుండా ఉండా. మా మనవరాలు ఒకటే నవ్వు, మా యవ్వ దొరసాని అయిపోయిందని."

ఆమె కూడా నవ్వింది. ఆ చేతులకు పట్టిన గతికి ఎండ కారణం కాదు, ఆమె తలరాతా కాదు. అచ్చు కారణం. అచ్చులో ఎగ్గొట్టిన పని మాయమైపోదు. అది బల్ల మీద గుంటగానో పొక్కుగానో మిగులుతుంది, దాన్ని ఎవరో ఒకరు చేత్తో తీయాలి. ఓనరు తీయడు, బెంగళూరు నుంచి వచ్చి బల్ల మీద చెయ్యి తిప్పి "వావ్" అనే డిజైనరు తీయడు.

"జిగురు ముట్టొద్దని డాక్టరు చెప్పినాడు కదా, మానుకోరాదా?" అన్నాను.

"మానుకుంటే ఇంట్లో పొయ్యి ఎట్ల ఎలగాల అన్నా?" అంది. దానికి నా దగ్గరున్న జవాబు ఒక్క అచ్చే.

తాడిపత్రి బండ

మంచి అచ్చు చేస్తానని శ్రీకాంత్‌ను అంతకుముందే చాలాసార్లు అడిగాను. తోమేదానికి మనుషులుండంగా అచ్చుకు అంత ఖర్చెందుకు అనేవాడు. నారాయణమ్మ చేతులు చూపించినా కరగనివాడు, బెంగళూరు హోటలు ఒకటి ఒకే కొలతలో బల్లలు వరసగా కావాలనేసరికి కరిగాడు. సరే చెయ్యమన్నాడు.

తాడిపత్రి నుంచి మందమైన పాలిష్ బండ తెప్పించాను. మన వైపు వంపు లేని చదును కావాలంటే దాన్ని మించింది లేదు. రసమట్టం పెట్టి, నాలుగు వైపులా సరిచూసి దిమ్మెల మీద కూర్చోబెట్టాను. దాని మీద రెజిన్ అంటుకోని తెల్లటి మందపాటి ప్లాస్టిక్ షీటు. పక్క గోడలూ అదే షీటు, వెనక ఇనుప యాంగిలు ఆసరా. గోడలు వెంట్రుకవాసి బయటికి వాలి ఉంటాయి. మూలలు గుండ్రంగా తిప్పాను, ఎందుకంటే సూది మూల బల్లను పట్టుకుని వదలదు, వదిలినా అంచు విరుస్తుంది. బోల్టులన్నీ బయటి నుంచే. అవి విప్పితే గోడలు వాటంతటవే తప్పుకుంటాయి. చెక్క కోసం సామిల్లులో ఏళ్ళుగా నీడన పడి ఉన్న పాత చింత పలకలు ఏరి తెచ్చాను. ఎండ ఎక్కకముందే, పలచగా, ఒక పొర గట్టిపడ్డాక ఇంకో పొర పోశాము.

గట్టిపడ్డాక బోల్టులు విప్పి, ఒక మూల చెక్క చీలిక దూర్చి మెల్లగా తట్టాను. లోపలికి గాలి దూరిన చప్పుడు అయింది. బల్ల లేచింది. తిప్పి చూస్తే అడుగు అద్దంలా ఉంది. ఒక గుంట లేదు, ఒక పొక్కు లేదు. ఉద్యోగంలో నేను నిజంగా సంతోషపడిన రోజులు తక్కువ, అది ఒకటి. ఇక నారాయణమ్మ పచ్చి జిగురు ముట్టనక్కర్లేదు. అచ్చును తుడిచి, గీత పడిందేమో చూసి, మైనం పట్టించే పని ఆమెది చేద్దామనుకున్నాను. గ్లౌజులు నేనే తెచ్చిచ్చాను.

"ఇదైతే హాయిగా చేసుకుంటా అన్నా," అంది.

శ్రీకాంత్ ఆ నున్నటి బల్లను ఒకసారి చూశాడు. తోమే ఆడవాళ్ళను ఒకసారి చూశాడు. మరుసటి వారం వాళ్ళందరినీ పిలిచి, "తోమే పనే ల్యాకపోయె. ఇంక మీకు ఈడ ఏమి పనుండాదమ్మా?" అని ఇళ్ళకు పంపేశాడు.

నేను అడ్డం పడ్డాను. అచ్చును చూసుకునేదానికి మనిషి కావాలని, ఆ మనిషి నారాయణమ్మేనని చెప్పాను.

"మళ్ళీ మళ్ళీ వాడే అచ్చని నువ్వే కదప్పా చెప్పింటివి? మళ్ళీ దానికి చాకిరీ ఏమి?"

ఎద్దు మళ్ళీ మళ్ళీ దున్నుతుంది కదా అని గడ్డి వేయడం మానేసే రైతు ఉంటాడా? ఓనర్లలో ఉంటారు. వారం కిందట నాతో సంతోషంగా మాట్లాడిన మనిషి ఆ సాయంత్రం టిఫిన్ డబ్బా సర్దుకుని, "చేతులు మిగిలినాయి అన్నా. పని పాయె," అని వెళ్ళిపోయింది. ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది.

కొన్నాళ్ళు అచ్చును నేనే చూసుకున్నాను. రెండో అచ్చుకు బండ తేవడానికి నేను తాడిపత్రి పోయినప్పుడు శ్రీకాంత్ ఆగలేక మైనం లేకుండానే పోయించాడు. గోడ షీటు మీద ఒక గీత ఉంది, రెజిన్ దాంట్లోకి దిగి పట్టేసింది. నేను తిరిగి వచ్చేసరికి ఉలి, సమ్మెట పట్టుకుని చెమటలు కక్కుతూ అచ్చు మీద ఎక్కి కూర్చున్నాడు. బల్ల రెండు ముక్కలు, షీటు పీలికలు, కింద తాడిపత్రి బండ నిలువునా చీలి ఉంది. "నీ అచ్చు మంచిది కాదప్పా," అన్నాడు.

నారాయణమ్మ అరుగు

హోటలు వాళ్ళు బల్లల కోసం తొందర పెడుతున్నారు. మళ్ళీ మేకుల డబ్బాలు వచ్చాయి, గుంటల బల్లలు వచ్చాయి. తోమడానికి మాత్రం ఎవరూ రాలేదు. నారాయణమ్మ చేతుల సంగతి చుట్టుపక్కల పల్లెలన్నిటికీ తెలిసిపోయింది. ఆమె వస్తే తప్ప ఇంకెవరూ రారని అర్థమై, శ్రీకాంత్ నన్ను కారులో ఎక్కించుకుని ఆమె ఇంటికి బయలుదేరాడు. ఆమెను ఒప్పించమని దారి పొడుగునా నాకు చెప్తూనే ఉన్నాడు. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

ఆమె అరుగు మీద చాట పెట్టుకుని విత్తనానికి వేరుశనగ కాయలు వలుస్తోంది. వాపు తగ్గింది గానీ చర్మం మందంగా, నల్లగా మారింది. శ్రీకాంత్ అంత తియ్యగా మాట్లాడగలడని నాకు ఆ రోజే తెలిసింది. జీతం పెంచుతానన్నాడు, గ్లౌజులు కొనిస్తానన్నాడు, మా ఇంటి మనిషివన్నాడు. ఆమె అంతా విన్నది.

"సారూ, నీ చేతులు ఒకసారి చూపీ," అంది.

ఆయనకు అర్థం కాక రెండు చేతులూ ముందుకు చాపాడు. ఆమె ముట్టుకోలేదు, వంగి చూసింది.

"బాగుండాయి. ఆ చేతుల్తో ఒక బల్ల నువ్వు తోము సారూ. గ్లౌజులు వద్దు, నునుపు తెలీదు. నువ్వు తోమిన మర్సటి దినమే నేనొస్తా. వాళ్ళనంతా పిల్చుకోనొస్తా."

శ్రీకాంత్ చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. వెళ్ళి కారు స్టార్టు చేసి హారన్ కొట్టాడు. నేను కదలలేదు. ఇంకోసారి కొట్టాడు, తర్వాత వెళ్ళిపోయాడు.

"నీ పని కూడా పోయినట్లే కదన్నా?" అంది నారాయణమ్మ.

"పోయినట్లే."

"అయితే ఊరికే కూచోవద్దు. ఆ గంప ఇట్ల జరుపుకో," అంది. సాయంత్రం దాకా ఇద్దరం కాయలు వలిచాము.

నేను పని మానేసింది ఆ రోజే. ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పేది ఒక్కటే. మీరు చేసిన మొదటి అచ్చులోంచి వచ్చిన బల్లను ఇంకొకరికి ఇవ్వకండి, గ్లౌజులు వేసుకుని మొదటి నుంచి చివరిదాకా మీరే తోమండి. భుజాలు పడిపోయేసరికి రెండో అచ్చు ఎలా చేయాలో మీకే తెలుస్తుంది. ఓనర్లకు కూడా ఇదే చెప్పాలని ఉంది గానీ, శ్రీకాంత్ ఇంకా మొదటి బల్లే తోమలేదు.